జేబు చాకు ఖరీదంతా పిడిలోనే

అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రంలోని బ్రాడ్‌ఫర్డ్‌లో కేస్ అనే కంపెనీ వందేళ్లకు పైగా మడత చాకులు చేస్తోంది. బ్లేడు తెరిచి మొదలు దగ్గర చూస్తే కంటికి ఆనీ ఆననట్టు ఒక నంబరు కనిపిస్తుంది. ఉదాహరణకు 6254. చివరి 54 ఆ చాకు మోడల్, దాన్ని ట్రాపర్ అంటారు. ముందున్న 2 అంటే రెండు బ్లేడ్లు. అన్నిటికన్నా మొదట నిలబడిన 6 మాత్రం పిడిది. ఎముక పిడి అని దానర్థం. అదే చాకు 5254 అయితే జింక కొమ్ము పిడి, 3254 అయితే పసుపుపచ్చ ప్లాస్టిక్. మొదటి అంకె 8 ఉంటే ముత్యపు చిప్ప, 9 ఉంటే ముత్యపు చిప్పకు నకలు. రెమింగ్టన్ కంపెనీ 1920 నుంచి 1940 దాకా చేసిన చాకుల్లోనూ ఇలాంటి పద్ధతే ఉంది, కాకపోతే పిడి అంకెను చివర పెట్టారు. సేకరించేవాళ్లు ఎగబడే ఆర్ 1123 చాకులో ఆ 3 ఎముకకు గుర్తు.

6254, 5254, 3254 మూడూ పక్కపక్కన పెడితే పొడవు ఒకటే, బ్లేడ్ల ఆకారం ఒకటే, స్ప్రింగు ఒకటే. మామిడికాయ కోసినా, పార్సిల్ తాడు తెంపినా పనిలో తేడా తెలియదు. ధరలో మాత్రం పసుపు ప్లాస్టిక్‌కీ జింక కొమ్ముకీ మధ్య రెండింతలకు పైగా ఎడం ఉంటుంది. కోసేది ఉక్కు, ధర పలికేది పిడి. కత్తి అనగానే మనకు ముందు ఉక్కే గుర్తొస్తుంది. తెలంగాణలోని కోనసముద్రం ఉక్కు కోసం పర్షియా వర్తకులు ఇక్కడిదాకా వచ్చిన చరిత్ర ఉన్నవాళ్లం, అది సహజమే. కానీ జేబు చాకుల సేకరణలో ఉక్కు రెండో ప్రశ్న.

పిడి పదార్థాల్ని వాటి కాలక్రమంలో చూస్తే ఒక సంగతి బయటపడుతుంది. ఇది చాలావరకు నకళ్ల చరిత్ర. ఖరీదైనది అందకపోతే చౌకది దాని వేషం వేసుకుంది. కొన్నేళ్లకు ఆ వేషానికే అభిమానులు పుట్టారు, దానికీ మళ్లీ నకలు వచ్చింది. ఏ పిడి గొప్పది అన్న వాదన ఎప్పటికీ తేలకపోవడానికి కారణం ఇదే. మన్నిక అడిగితే ఒక జవాబు, అందం అడిగితే ఇంకొకటి, అరుదు అడిగితే మూడోది వస్తుంది.

పిడి మీద ఎలాంటి ఒత్తిడి పడుతుందో తెలియాలంటే చాకు లోపలి కట్టు కొంచెం తెలియాలి. సంప్రదాయ మడత చాకులో తాళం లాంటిదేమీ ఉండదు. వీపు వైపు ఉన్న ఉక్కు స్ప్రింగు బ్లేడు మొదలుని నొక్కి పట్టుకుంటుంది. తెరిచినప్పుడు, మూసినప్పుడు టక్కుమని వచ్చే చప్పుడు దానిదే. బ్లేడుకి రెండు పక్కలా ఇత్తడి రేకులుంటాయి. ఆ రేకుల మీద పిడి పలకలు ఆనించి, సన్నటి మేకులు దూర్చి, మేకు తలల్ని చిన్న సుత్తితో కొట్టి పరుస్తారు. పలక మందం కొద్ది మిల్లీమీటర్లే. కాబట్టి ఏ పదార్థమైనా రెండు పరీక్షలు నెగ్గాలి. మేకు కొట్టేటప్పుడు పగలకూడదు. తర్వాత ఏళ్ల తరబడి ఎండకీ తేమకీ ముడుచుకుపోకూడదు. పలక ముడుచుకుంటే దానికీ, పిడి చివర ఉండే లోహపు కట్టుకీ మధ్య వెంట్రుకవాసి సందు ఏర్పడుతుంది. పాత చాకు కొనేవాళ్లు మొట్టమొదట వేలిగోరుతో తడిమి చూసేది ఆ సందునే.

ఇక జింక కొమ్ము. ఇంగ్లండులోని షెఫీల్డ్ ప్రపంచానికి చాకులు చేసి పంపుతున్న 19వ శతాబ్దంలో ఈ సరుకు చాలావరకు మన దేశం నుంచే వెళ్లేది. సాంబర్ జింక, మన అడవుల్లో కణుజు అనేది, దాని కొమ్మే అందరికీ కావలసింది. అందుకు కారణం కొమ్ము కోతలోనే ఉంది. జింక కొమ్ము అచ్చమైన ఎముక. గేదె కొమ్ములా గోరు జాతి పదార్థం కాదు. మగ జింకకు అది రాలిపోయి మళ్లీ మొలుస్తుంది. అడ్డంగా కోస్తే బయట గట్టి పొర, లోపల స్పంజిలాంటి గుజ్జు కనిపిస్తాయి. కణుజు కొమ్ములో గట్టి పొర మందంగా, గుజ్జు తక్కువగా ఉంటుంది. పలకగా చీల్చినా బలం పోదు. ఉత్తర అమెరికాలో ఎల్క్ అనే పెద్ద జింక కొమ్ములో గుజ్జు పాలు ఎక్కువ కావడంతో పలకకు పనికొచ్చే భాగం తగ్గిపోతుంది.

కణుజు కొమ్ము అందం దాని బెరడులో ఉంది. ముదురు గోధుమరంగు గాడులు, వాటి మధ్య ఎత్తుగా లేచిన లేతరంగు చారలు. ఏ రెండు పలకలూ ఒకలా ఉండవు. ఒక చాకుకి రెండు పక్కలా జతకుదిరే పలకలు దొరకడమే కష్టం. అందుకే జత బాగా కుదిరిన చాకుకి ధర ఎక్కువ. అసలు చిక్కు ఇక్కడే ఉంది. కొమ్ము గుండ్రంగా ఉంటుంది, చాకు పలచగా ఉండాలి. పలకని ఆకురాయితో అరగదీస్తే ముందు పోయేది ఆ బెరడే. అరగదీయకపోతే జేబులో చాకు బోదకాలంత అవుతుంది. మూడంగుళాలు కూడా లేని చిన్న చాకుల మీద జింక కొమ్ము చాలాసార్లు తెల్లటి మామూలు ఎముకలా తేలిపోవడం అందువల్లే. పెద్ద ట్రాపర్ మీద అది రాజులా ఉంటుంది, చిన్న చాకు మీద డబ్బు దండగ.

మన దేశం 1990ల చివర్లో ఈ కొమ్ముల ఎగుమతిని ఆపేసింది. రాలిన కొమ్ములు ఏరామని చెప్పి చంపిన జింకల కొమ్ముల్ని కలిపేయడం తేలిక, రెండిటినీ వేరుచేసి చూడటం కష్టం. అందువల్ల నిషేధానికి తగిన కారణమే ఉంది. విదేశీ కంపెనీలు పాత నిల్వలు జాగ్రత్తగా వాడుకుంటూ వచ్చాయి, కొన్ని యూరప్ ఎర్ర జింక కొమ్ముకి మళ్లాయి. నిషేధానికి ముందు చేసిన కణుజు పిడి చాకు ధర ఆ తర్వాత పెరగడమే తప్ప తగ్గింది లేదు.

నిషేధం రావడానికి చాలాకాలం ముందే, కొమ్ము అందనివాళ్ల కోసం ఎముక వచ్చింది. పశువుల కాలి ఎముకని పలకలుగా కోసి, దాని మీద యంత్రంతో వరుసగా చిన్న చిన్న గాట్లు పెట్టి, రంగులో నానబెడతారు. కొమ్ము బెరడుని అనుకరించాలనే ఆ గాట్లు మొదలయ్యాయి. ఇప్పుడు ఆ గాట్లకే పేర్లున్నాయి. కనెటికట్ రాష్ట్రంలోని రోజర్స్ అనే సంస్థ చాకుల కంపెనీలకు అమ్మిన ఎముకని ఇప్పటికీ రోజర్స్ ఎముక అనే అంటారు. పొడుగాటి చారలు తీర్చిన రకం వింటర్‌బాటమ్ ఎముక. పీచ్ అనే పండు టెంకలా గుంటలు గుంటలుగా ఉండేది ఇంకొకటి. జింక కొమ్ముని చూపించి ఇది దేన్ని పోలి ఉంది అని ఇవాళ ఒక అమెరికన్ సేకర్తని అడిగితే ఎముకని పోలి ఉంది అనేలా ఉన్నాడు. నకలు అంతగా స్థిరపడింది.

కేస్ కంపెనీ వాడేది బ్రెజిల్‌లోని జెబు పశువుల, అంటే మూపురం ఉన్న పశువుల ఎముక. తెలుగువాళ్లు ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. బ్రెజిల్ జెబు మందల్లో అత్యధికం నెలోర్ జాతి. 19వ శతాబ్దం నుంచి ఓడల మీద అక్కడికి వెళ్లిన ఒంగోలు పశువుల సంతానం అది, పేరు కూడా నెల్లూరు నుంచే వచ్చింది. అంటే అమెరికా పల్లెటూరి రైతు జేబులోని చాకు పిడిలో ఒంగోలు గిత్త మునిమనవడి ఎముక ఉండే అవకాశం గట్టిగానే ఉంది. ఒకప్పుడు కొమ్ము ఇక్కడి నుంచి సూటిగా వెళ్లింది, ఎముక సముద్రాలు చుట్టి వెళ్లింది.

ఎముకకు ఉన్న అసలు బలం రంగు. కొమ్ము రంగు ప్రకృతి ఇచ్చిందే, మహా అయితే మంట చూపించి కాస్త ముదురు చేస్తారు. ఎముక మాత్రం ఏ రంగునైనా పీలుస్తుంది. ఆ రంగు లోపలిదాకా దిగదు, పైపొరలోనే ఆగుతుంది. కాబట్టి జేబులో తిరిగిన చాకులో అంచులు అరిగి మీగడరంగు బయటపడుతుంది, గాట్ల అడుగున ముదురు రంగు మిగులుతుంది. వాడిన చాకు కొత్తదానికన్నా అందంగా కనిపించే అరుదైన సందర్భాల్లో ఇదొకటి. కేస్ పాత ఆకుపచ్చ ఎముక చాకులకి ఉన్న గిరాకీ ఈ రంగు వల్లే. ఎరుపు తిరిగిన ఎముకదీ అదే కథ. మోడల్ మామూలుదైనా సరే, రంగు బాగుంటే వేలంలో పోటీ ఉంటుంది.

లోపాలూ ఉన్నాయి. ఎముక నీళ్లు పీలుస్తుంది, ఎండితే ముడుస్తుంది. మేకు చుట్టూ సన్నటి బీట మొదలైతే అది పెరుగుతూనే పోతుంది. ఆకురాయి పెట్టినప్పుడు వచ్చే ధూళి, వాసన పనివాళ్లకి శిక్ష.

రెండో ప్రపంచ యుద్ధకాలంలో ఎముక సరఫరా తగ్గింది. కేస్ అప్పుడు గరుకుగా ఉండే నల్లటి కృత్రిమ పదార్థం ఒకటి వాడింది. రఫ్ బ్లాక్ అని దాని పేరు. చూపుకి అందం అంటూ ఏమీ లేదు, పైగా నంబరు మాత్రం ఎముకదే, 6 అనే వేశారు. ఆ రోజుల్లో గత్యంతరం లేక కొన్న ఆ చాకుల్ని ఇవాళ విడిగా వెతికి మరీ కొంటున్నారు. 1960లో డ్యూపాంట్ కంపెనీ డెల్రిన్ అనే గట్టి ప్లాస్టిక్‌ని మార్కెట్‌లోకి తెచ్చింది. అది ఎముక గాట్లతో సహా అచ్చులో పోతపోయడానికి అనువైనది. ష్రేడ్ కంపెనీ ఓల్డ్ టైమర్ చాకుల గోధుమరంగు పిడి అదే. కేస్ కూడా కొన్నేళ్లు చాలా మోడళ్లకి దాన్నే వేసింది. సేకరించేవాళ్లకి డెల్రిన్ అంటే ఇప్పటికీ చిన్నచూపు. న్యాయంగా మాట్లాడితే అది ముడుచుకోదు, బీట వేయదు, నీళ్లలో పడ్డా చెక్కుచెదరదు. రోజూ వాడే చాకుకి దాన్ని మించిన పిడి లేదు. ఎముక కన్నా అన్ని విధాలా మెరుగైనదాన్ని, ఎముక కాదన్న ఒక్క కారణంతో పక్కన పెట్టడం సేకరణ ప్రపంచంలోనే సాధ్యం.

పసుపుపచ్చ పిడికి ఈ అవమానం లేదు. అది దేనికీ నకలుగా నటించలేదు. గడ్డిలో పడితే చటుక్కున కనిపిస్తుందని, రైతులు, వేటగాళ్లు కావాలనే అడిగేవాళ్లని చెబుతారు. కేస్ ఇప్పటికీ పసుపు పిడిని చాలావరకు, తుప్పుపట్టే రకం పాత ఉక్కుతోనే జతచేస్తుంది. ఆ ఉక్కు సానకు తేలిగ్గా లొంగుతుంది, వాడేకొద్దీ నీలిబూడిద రంగుకి తిరుగుతుంది. పసుపు పక్కన ఆ రంగు చూడటానికే చాలామంది దాన్ని కొంటారు.

అన్నిటికన్నా అందమైనది, అన్నిటికన్నా ప్రమాదకరమైనది సెల్యులాయిడ్. 1870 ప్రాంతంలో అమెరికాలో జాన్ వెస్లీ హయట్ దీన్ని వ్యాపార సరుకుగా నిలబెట్టాడు. బిలియర్డ్స్ బంతులకి ఏనుగు దంతం బదులు ఏదైనా కావాలన్న వెతుకులాటలో పుట్టింది. నైట్రిక్ ఆమ్లంతో మార్చిన పత్తిపీచుకి మన పూజగదిలోని కర్పూరం కలిపితే తయారయ్యే ప్లాస్టిక్ ఇది. దంతంలా, తాబేటి చిప్పలా, ముత్యపు చిప్పలా, దేనిలాగైనా కనిపించగలదు. దేనిలాగా కనిపించకుండా ఎరుపు తెలుపు మిఠాయి చారలతోనో, ఆకుపచ్చ ఎరుపు మెరుపులతోనో కూడా చేశారు. ఒహాయోలోని కాంటన్ పట్టణపు కంపెనీలు పారదర్శక సెల్యులాయిడ్ కింద ఫొటోలు పెట్టి అమ్మాయి. పిడి మీద ఒకవైపు రాజకీయ నాయకుడు, ఇంకోవైపు కొన్నవాడి పేరు, ఊరు.

దీని లోపం రసాయనంలోనే ఉంది. దశాబ్దాలు గడిచేకొద్దీ సెల్యులాయిడ్ విడిపోయి నైట్రోజన్ ఆక్సైడ్ వాయువులు వదులుతుంది. తేమతో కలిస్తే అవి నైట్రిక్ ఆమ్లం అవుతాయి. పిడి పక్కనున్న బ్లేడు ఒకే చోట ఎర్రగా తుప్పు పట్టడం, ఇత్తడి రేకు పచ్చగా చిలుము పట్టడం తొలి గుర్తులు. అంతటితో ఆగదు. అదే పెట్టెలో పక్కన పడుకున్న మంచి చాకుల బ్లేడ్లనీ ఆ ఆవిరి తినేస్తుంది. తేలిగ్గా అంటుకుంటుంది కూడా. పాతకాలపు సినిమా రీళ్లు అలా భగ్గుమనడానికి కారణం ఇదే పదార్థం. సెల్యులాయిడ్ చాకులున్నవాళ్లు వాటిని విడిగా, గాలి ఆడేచోట, చల్లగా ఉంచుతారు. మూతబిగించిన ప్లాస్టిక్ డబ్బాలో పెడితే చావుని తొందరచేసినట్టే. విశాఖ, కాకినాడ లాంటి తీరపు ఊళ్ల తేమలో దీన్ని దాచుకోవడం పెద్ద టెన్షన్. సేకరణ మొదలుపెట్టేవాళ్లు దీని జోలికి వెళ్లకపోవడమే మేలు.

ముత్యపు చిప్ప గురించి ఎక్కువ చెప్పేది లేదు. కాంతి దాని గొప్పతనం, పెళుసు దాని శాపం. మేకు తల కొట్టేటప్పుడు ఒక్క దెబ్బ ఎక్కువైతే పలక రెండు ముక్కలవుతుంది. పనికి వాడేవాళ్లు దాన్ని ముట్టలేదు, కోటు జేబులో పెట్టుకునే పెద్దమనుషుల చిన్న చాకులకే అది పరిమితమైంది. షెఫీల్డ్ జోసఫ్ రోజర్స్ కంపెనీ 1851 లండన్ మహా ప్రదర్శన కోసం చేసిన 75 బ్లేడ్ల నార్‌ఫోక్ చాకు పిడి కూడా ముత్యపు చిప్పే. దాన్ని జేబులో పెట్టుకోవడం ఎవరి తరమూ కాదనుకోండి. ఏనుగు దంతం కథ చట్టాలతో ముగిసింది. ఆఫ్రికా ఏనుగు దంతం అంతర్జాతీయ వ్యాపారం మీద 1989లో నిషేధానికి నిర్ణయం జరిగింది. అమెరికా 2016లో, బ్రిటన్ 2018 చట్టంతో దేశం లోపలి అమ్మకాలకీ దాదాపు తలుపులు మూశాయి. తాతల నాటి దంతపు పిడి చాకు ఉన్నా, చాలాచోట్ల దాన్ని అమ్మడం చిక్కే.

చెక్క పిడులకు యూరప్ పెట్టింది పేరు. ఫ్రాన్స్ ఆల్ప్స్ పర్వతాల్లోని సావోయ్ ప్రాంతంలో 1890లో జోసఫ్ ఒపినెల్ మొదలుపెట్టిన చాకుకి స్ప్రింగే లేదు. బీచ్ చెక్కని గుండ్రంగా తరిగి, మధ్యలో చీలిక కోసి, బ్లేడు బిగిస్తారు. చెక్క బిగువే బ్లేడుని నిలుపుతుంది. 1955లో తిప్పి బిగించే ఉక్కు ఉంగరం చేర్చారు. తడిస్తే చెక్క ఉబ్బి బ్లేడు బయటికి రానని మొండికేస్తుంది. దానికి అక్కడివాళ్ల దగ్గర ఒక చిట్కా ఉంది. పిడి వెనక కొసని బల్ల మీద ఠపీమని కొడితే బ్లేడు కొన ముందుకొస్తుంది, పట్టుకుని లాగడమే. అరుదు లేదు, జింక లేదు, దంతం లేదు, ఆ చాకు వందేళ్లకు పైగా చలామణిలో ఉంది. రోజ్‌వుడ్, ఎబోనీ పిడులు చూపుకి దానికన్నా ఘనంగా ఉంటాయి. అయితే రోజ్‌వుడ్ జాతి చెట్లన్నీ 2017 నుంచి అంతర్జాతీయ వ్యాపార నియంత్రణలోకి వచ్చాయి.

సేకర్తల అభిరుచి ఒకవైపు లాగితే, వాడకం ఎటు లాగుతుందో స్విట్జర్లాండ్ సైన్యం చూపించింది. 1890 మోడల్ సైనిక చాకుకి నల్లబరిచిన ఓక్ చెక్క పిడి. చెక్క పగుళ్లివ్వడంతో 1908 మోడల్‌కి ఎర్రటి ఫైబర్ వచ్చింది. 1961 మోడల్‌కి అల్యూమినియం. ప్రతి మార్పులోనూ అందం కొంచెం తగ్గింది, మన్నిక పెరిగింది. జపాన్ మికీ పట్టణపు హిగోనోకామి అనే మడత చాకు ఇంకా ముందుకెళ్లి పిడి పలకల గొడవే లేకుండా ఒక లోహపు రేకుని మడిచి అదే పిడి అంది.

పదార్థాల్ని పోల్చి చూడాలనుకునేవాళ్లకి ఒక మంచి పద్ధతి ఉంది. ఒకే కంపెనీ, ఒకే మోడల్, వీలైతే ఒకే కాలం చాకుల్ని వేర్వేరు పిడులతో కూడబెట్టాలి. అప్పుడే తేడా పిడిదా, ఉక్కుదా, పనితనందా అన్నది తేలుతుంది. కేస్ చాకుల్లో కాలం పట్టుకోవడం తేలిక. 1970లో బ్లేడు మొదలు దగ్గరి కంపెనీ ముద్ర కింద పది చుక్కలు పెట్టి, ఏటా ఒక్కోటి తీసేస్తూ వచ్చారు. 1979కి ఒక్క చుక్కే మిగిలింది. పెన్సిల్వేనియాలోనే ఉన్న టైటస్‌విల్‌లో 2006లో మొదలైన గ్రేట్ ఈస్టర్న్ కంపెనీ ఒక్కో మోడల్‌ని రకరకాల పిడులతో చిన్న చిన్న విడతలుగా చేస్తుంది. పోల్చడానికి ఇంతకన్నా అనువైన సరుకు లేదు, కాకపోతే విడత వచ్చిన వెంటనే అయిపోతుంది.

మోసం కూడా పిడి దగ్గరే జరుగుతుంది. ప్లాస్టిక్ పలక ఊడదీసి కొమ్ము బిగించి రెండింతల ధర చెప్పేవాళ్లుంటారు. ముద్రలోని అంకెకీ పిడికీ పొత్తు కుదరకపోతే అనుమానించాలి. మేకు తలల చుట్టూ కొత్త గీతలుంటే ఇంకా ఎక్కువగా అనుమానించాలి. ఎముకా డెల్రినా అన్నది భూతద్దంతో తేలుతుంది. ఎముకలో ఒకప్పుడు రక్తనాళాలు పోయిన సన్నటి రంధ్రాలు నల్లటి చుక్కల్లా, గీతల్లా కనిపిస్తాయి. డెల్రిన్ నున్నగా, ఒకే తీరున ఉంటుంది. కాల్చిన సూది గుచ్చి చూడమనే సలహా మాత్రం వినకూడదు. పిడి మీద శాశ్వతంగా మచ్చ పడుతుంది, పైగా అది సెల్యులాయిడ్ అయితే అంటుకుంటుంది.

ఇక్కడ కూర్చుని సేకరించేవాళ్లకి చాకు పొడవుతో పెద్ద ఇబ్బంది లేదు. కేంద్ర ఆయుధ నియమాలు 9 అంగుళాల పొడవో 2 అంగుళాల వెడల్పో దాటిన బ్లేడ్ల గురించి మాట్లాడతాయి, జేబు చాకు అందులో మూడో వంతు. చిక్కు పిడితోనే. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972 లెక్కలో అడవి జంతువు కొమ్ము కూడా ట్రోఫీయే. అమెరికాలో కొన్న కణుజు పిడి చాకుని సూట్‌కేసులో పెట్టుకుని హైదరాబాద్‌లో దిగితే కస్టమ్స్ దగ్గర సమాధానం చెప్పుకోవాల్సి రావచ్చు. నల్లమలలో రాలిన కొమ్ము ఏరి తెచ్చి పలక చేయించుకోవడం నేరం. గేదె కొమ్ముకి ఆ బాధ లేదు. ఉత్తరప్రదేశ్‌లోని సంభల్‌లో దాన్ని వేడిచేసి వంచి, సానబట్టి దువ్వెనలు, గిన్నెలు చేసే పనివాళ్లు తరతరాలుగా ఉన్నారు. మడత చాకులకి పేరుపడ్డ రాంపూర్ కూడా అదే ప్రాంతంలో ఉంది. నల్లగా నిగనిగలాడే గేదె కొమ్ము కాలక్రమంలో కొద్దిగా వంగుతుంది, పురుగు తినే ప్రమాదమూ ఉంది. అప్పుడప్పుడు పలచగా నూనె రాసి, చీకటి సొరుగులో వదిలేయకుండా తీసి చూసుకుంటూ ఉండాలి.